బ్రాంటోథీరియమా, మెగాసెరాప్సా? బొమ్మ కింద ఏ పేరు వేయాలి?

పుస్తకాలపురుగు
అందరికీ నమస్కారం. పిల్లల కోసం అంతరించిపోయిన క్షీరదాల మీద ఒక చిన్న పుస్తకం తయారుచేస్తున్నాం. అందులో ఒక పేజీ ముక్కు మీద జంట కొమ్ములుండే ఆ భారీ జంతువుది. చూడ్డానికి ఖడ్గమృగంలా ఉంటుంది, కానీ కొమ్ములు ఒకదాని వెనక ఒకటి కాకుండా పక్కపక్కన ఉంటాయి. పాత ఎన్‌సైక్లోపీడియాల్లో దీని పేరు బ్రాంటోథీరియం. ఇంకో చోట టైటనోథీరియం, మరో చోట బ్రాంటాప్స్, ఒకచోట మెనోడస్. ఈమధ్య వచ్చినవాటిలో చూస్తే మెగాసెరాప్స్. ఇవన్నీ ఒకే జంతువా, ఐదు జంతువులా? ఆర్టిస్టు బొమ్మ ఇచ్చేశాడు, కింద పేరు ఒక్కటే మిగిలింది. టెన్షన్‌గా ఉంది, ఎవరైనా తేల్చి చెప్పండి.

చురకత్తి
ఇందులో తేల్చడానికేముంది? అన్నీ వేర్వేరు జంతువులే. బ్రాంటాప్స్‌కి కొమ్ములు పొట్టిగా ఉంటాయి, బ్రాంటోథీరియానికి పొడుగ్గా, చివర బల్లపరుపుగా ఉంటాయి. బొమ్మలో కొమ్ము చూసి పేరు వేసేయండి.

పొరలుపొరలుగా
చురకత్తి గారూ, ఒకప్పుడు పెద్దలు చాలామంది మీరన్నట్టే అనుకున్నారు. ఇప్పుడు మాత్రం అలా అనుకోవడం లేదు. కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

కథ 1846లో మొదలైంది. హైరమ్ ప్రౌట్ అని సెయింట్ లూయిస్‌లో ఒక డాక్టరు. ఇప్పటి సౌత్ డకోటా వైపు వైట్ రివర్ బ్యాడ్‌ల్యాండ్స్ నుంచి వచ్చిన ఒక దవడ ముక్క ఆయన చేతికి అందింది. కింది దవడ, అదీ ముక్కే, పళ్లతో సహా. పారిస్ దగ్గర దొరికిన పాలియోథీరియం అనే పాత జంతువు గురించి ఫ్రెంచి శాస్త్రవేత్త క్యూవియే రాసింది అప్పటికే అందరికీ తెలుసు కాబట్టి, ప్రౌట్ దీన్ని ఒక రాక్షస పాలియోథీరియంగా లెక్కగట్టాడు. 1849లో ఫ్రాన్సులో పోమెల్ దానికి మెనోడస్ అని పేరు పెట్టాడు. 1852లో ఫిలడెల్ఫియా శరీరశాస్త్ర ప్రొఫెసర్ జోసెఫ్ లైడీ టైటనోథీరియం అన్నాడు. గమనించండి, అప్పటికి ఈ జంతువుకి కొమ్ములున్నాయని ఎవరికీ తెలియదు! అందరి చేతుల్లో ఉన్నవి దవడలూ పళ్లూ మాత్రమే.

1870లో అదే లైడీకి కొలరాడో నుంచి ముక్కు భాగం, కొమ్ములతో సహా వచ్చింది. దానికి ఆయన మెగాసెరాప్స్ కొలరాడెన్సిస్ అని పేరు పెట్టాడు. మూడేళ్ల తర్వాత, 1873లో, యేల్ విశ్వవిద్యాలయంలోని మార్ష్ బ్రాంటోథీరియం గిగాస్ ప్రకటించాడు. అదే ఏడాది మార్ష్‌కి బద్ధశత్రువైన కోప్, కొలరాడో శిలాజాలకే సింబొరోడాన్ అని ఇంకో పేరు తగిలించాడు. మార్ష్ అక్కడితో ఆగలేదు. 1887లో బ్రాంటాప్స్, టైటనాప్స్, మెనాప్స్, ఆలాప్స్ అంటూ ఒకేసారి వరసగా వదిలాడు.

ఇప్పుడు వీటిలో చాలావాటిని ఒకే ప్రజాతిగా (ప్రజాతి అంటే దగ్గరి జాతుల గుంపు), మెగాసెరాప్స్‌గా లెక్కేస్తున్నారు. దాని కింద కలిసిపోయిన పాత ప్రజాతి పేర్లు డజనుకు పైనే.

నిశాచరి
డజనా! ఒక జంతువుకి డజను పేర్లు పెట్టేంత తీరిక ఎలా దొరికిందో ఆ కాలంలో.

పొరలుపొరలుగా
తీరిక కాదండీ, తొందర. అవతలివాడికంటే ఒక్క వారం ముందు అచ్చులో పడితే పేరు మీదే. అందుకే సగం పుర్రె దొరికినా కొత్త ప్రజాతే, పళ్ల వరసలో చిన్న తేడా ఉన్నా కొత్త ప్రజాతే.

శ్రీలత_జువాలజీ
ఆ తొందర ఏ స్థాయికి పోయిందో చెప్పే ఉదంతం ఒకటుంది. జంతువు వేరు, కాలం కూడా ఇంకా పాతది. వ్యోమింగ్‌లో దొరికిన ఆరు కొమ్ముల యూయింటాథీరియం సంగతి ఇది. 1872 వేసవిలో లైడీ, మార్ష్, కోప్ ముగ్గురూ ఒకే ప్రాంతపు శిలాజాల మీద పడ్డారు. ఆగస్టులో లైడీ యూయింటాథీరియం అన్నాడు. కోప్ వ్యోమింగ్ నుంచే టెలిగ్రామ్ కొట్టాడు, లాక్సోలాఫొడాన్ అని. టెలిగ్రాఫ్ ఆఫీసులో అక్షరాలు తారుమారై అవతల అచ్చయింది లెఫలాఫొడాన్! మార్ష్ డైనోసెరాస్ అన్నాడు, టైనోసెరాస్ అని ఇంకోటీ అన్నాడు. ఆ డైనోసెరాస్ కోసం తర్వాత పెద్ద మోనోగ్రాఫ్ కూడా రాశాడు. ఇవాళ డైనోసెరాస్ అని ఎవరూ వాడరు, అది యూయింటాథీరియంలో కలిసిపోయింది. లైడీ మాత్రం ఈ ఇద్దరి కొట్లాటతో విసిగిపోయి పడమటి శిలాజాల పనే చాలావరకు మానుకున్నాడు. నా మటుకు ముగ్గురిలో ఆయనే మర్యాదస్తుడు.

అడ్డప్రశ్న
ఒక్క నిమిషం. ముందు పెట్టిన పేరే చెల్లుతుంది అని కదా నియమం? పొరలు గారు చెప్పిన లెక్కలో అన్నిటికంటే పాతది మెనోడస్, 1849. తర్వాత టైటనోథీరియం, 1852. మెగాసెరాప్స్ మూడోది. మరి మెనోడస్ కదా గెలవాలి? నియమం మనకి నచ్చినప్పుడు ఒకలా, నచ్చనప్పుడు ఇంకోలా ఉంటుందా?

పొరలుపొరలుగా
మంచి ప్రశ్న. చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే. ముందు పెట్టిన పేరు గెలవాలంటే దానికి ఒక షరతుంది. ఆ పేరు ఏ నమూనా మీద పెట్టారో, ఆ నమూనాని చూసి ఇది ఫలానా జంతువు అని చెప్పగలగాలి.

జంతువుల పేర్ల విషయంలో పేరు అతుక్కుని ఉండేది జంతువుకి కాదు, ఒక మ్యూజియం అరలో ఉన్న ఒకే ఒక్క నమూనాకి. దాన్నే హోలోటైప్ అంటారు. మెనోడస్‌కి హోలోటైప్ ప్రౌట్ గారి దవడ ముక్క. ఈ కుటుంబంలో పెద్ద జంతువుల కింది దవడలూ దవడ పళ్లూ దాదాపు ఒకేలా ఉంటాయి. తేడాలన్నీ పుర్రెలో, కొమ్ముల్లో, ముక్కు ఎముకల్లో. అంటే ఆ ముక్కని పట్టుకుని ఇది ఏ జాతిదో తేల్చలేం. అలాంటి పేరుని నోమెన్ డూబియమ్, సందేహాస్పద నామం, అని పక్కన పెడతారు. టైటనోథీరియం కూడా పళ్ల మీదే నిలబడిన పేరు, దానిదీ అదే గతి.

మెగాసెరాప్స్ నమూనాలో కొమ్ములున్నాయి, ముక్కు ఉంది. గుర్తుపట్టగలం. గుర్తుపట్టగలిగిన పేర్లలో అదే ముందుది. బ్రాంటోథీరియం కంటే మూడేళ్లు ముందు.

2004లో మిల్‌బాక్లర్, లూకస్, ఎమ్రీ కలిసి ఈ మెనోడస్ హోలోటైప్ మీదే ప్రత్యేకంగా ఒక పేపరు రాశారు. 2008లో మిల్‌బాక్లర్ మొత్తం బ్రాంటోథీరిడే కుటుంబాన్నే తిరగరాశాడు, న్యూయార్క్ సహజచరిత్ర మ్యూజియం బులెటిన్‌లో. ఇప్పుడు ఎక్కువమంది వాడేది ఆ లెక్కే.

చురకత్తి
పేరు సంగతి సరే. కొమ్ముల సంగతికి జవాబు రాలేదు. ఒక పుర్రెకి బెత్తెడు కొమ్ము, ఇంకోదానికి మూరెడు కొమ్ము. ఒకటి గుండ్రంగా, ఇంకోటి చప్పిడిగా. వీటిని ఒకే జాతి అనడం మరీ తెగింపు. శిలాజ శాస్త్రవేత్త ఆస్బోర్న్ అంతటివాడు వీటిని ఎన్నో వంశాలుగా విడదీశాడు. ఆయనకి కళ్లు లేవా?

శ్రీలత_జువాలజీ
చురకత్తి గారూ, ఇది నేను చెప్తాను, నాకు ఇష్టమైన భాగం.

ఆస్బోర్న్ 1929లో అమెరికా భూగర్భ సర్వే వారి మోనోగ్రాఫ్‌గా రెండు సంపుటాలు వేశాడు. ఆ పని ఎంత పెద్దదంటే ఇప్పటికీ బొమ్మల కోసం, కొలతల కోసం దాన్నే తిరగేస్తారు. కానీ ఆయన చూసిన కళ్లద్దం వేరు. ప్రతి వంశంలోనూ కొమ్ములు ఒక ముందే రాసిపెట్టిన దారిలో పెరుగుతూ పోతాయని ఆయన నమ్మకం. దాన్ని ఆర్థోజెనెసిస్ అనేవారు. అలా నమ్మినప్పుడు పొట్టి కొమ్ము ఒక వంశం, పొడుగు కొమ్ము ఇంకో వంశం అని గీతలు గీయడం తేలిక.

ఇప్పుడు అవే పుర్రెల్ని వరసగా పెట్టి చూస్తే మధ్యలో ఖాళీలు లేవు. పొట్టి నుంచి పొడుగుకి, గుండ్రం నుంచి చప్పిడికి ఒకదాని పక్కన ఒకటి వస్తూనే ఉంటాయి. ఎక్కడ కోసి ఇక్కడితో ఒక జాతి అయిపోయింది అంటారు? దీనికి తోడు మూడు విషయాలు. వయసుతో కొమ్ము పెరుగుతుంది. మగ, ఆడ తేడా ఉంటుంది. మూడోది అన్నిటికంటే మోసకారి. మట్టి బరువుకి పుర్రె నలిగిపోతుంది. పైనుంచి నొక్కుకుపోతే కొమ్ము చప్పిడిగా పరుచుకుంటుంది, పక్కనుంచి నొక్కుకుపోతే సన్నగా నిలువుగా కనిపిస్తుంది. ఆ నలిగిన ఆకారాన్ని జాతి లక్షణంగా లెక్కేసిన సందర్భాలున్నాయి. ఊరేగింపులో ఒకే బెటాలియన్ సైనికుల్ని టోపీ కొలత చూసి వేర్వేరు దేశాలవాళ్లు అన్నట్టుంటుంది.

అన్నీ ఒకటే అని కూడా ఎవరూ అనడం లేదు. 2008 లెక్కలో మెగాసెరాప్స్ కింద రెండు జాతులు నిలిచాయి. ఒకటి కొలరాడెన్సిస్, రెండోది కువాగాటారైనస్. ఈ రెండోది 1995లో మేడర్, అలెగ్జాండర్ పెట్టిన పేరు. దాని కొమ్ములు చివర రెండుగా చీలి ఉంటాయి. అది నలిగితే వచ్చే ఆకారం కాదు, అందుకే నిలబడింది.

చురకత్తి
చీలిన కొమ్ముదాన్ని మాత్రం ఒప్పుకున్నందుకు సంతోషం. నేను ఇప్పటికీ రెండు చాలవంటాను. కానీ నలిగిన పుర్రె పాయింటు బలమైనదే.

నిశాచరి
మరి బ్రాంటోసారస్ సంగతేంటి? దాన్నీ ఇలాగే కొట్టేశారు కదా, మళ్లీ తిరిగొచ్చిందిగా. అదీ మార్ష్ పెట్టిన పేరే. కాబట్టి బ్రాంటోథీరియం కూడా తిరిగొస్తుంది చూడండి. నా ఓటు దానికే!

పొరలుపొరలుగా
రావచ్చు, కానీ ఓట్లతో కాదు.

బ్రాంటోసారస్ దారి ఇది. మార్ష్ 1877లో అపటోసారస్ అన్నాడు, 1879లో బ్రాంటోసారస్ అన్నాడు. 1903లో రిగ్స్ రెండూ ఒకటే అని తేల్చడంతో ముందుదైన అపటోసారస్ నిలిచింది. 2015లో చోప్, మటేయూస్, బెన్సన్ ఎముకల్ని ఒక్కోటీ పోల్చి, రెండు వేర్వేరు ప్రజాతులుగా చూడటానికి సరిపడా తేడాలున్నాయన్నారు. అంటే బ్రాంటోసారస్ పేరు చచ్చిపోలేదు, వాడుక లేక పక్కన కూర్చుంది. తేడా దొరికింది, మళ్లీ లేచింది. దాన్ని అందరూ ఒప్పుకున్నారని కాదు.

బ్రాంటోథీరియం కూడా సరిగ్గా అలాంటి స్థితిలోనే ఉంది. దాన్ని జూనియర్ సినానిమ్ అంటారు, అంటే తర్వాత వచ్చిన పర్యాయ నామం. మెనోడస్ లాగా సందేహాస్పదం కాదు. రేపెవరైనా బ్రాంటోథీరియం గిగాస్ హోలోటైప్‌కీ మెగాసెరాప్స్ కొలరాడెన్సిస్‌కీ గట్టి తేడా చూపిస్తే ఆ పేరు లేచి నిలబడుతుంది. కొత్త పేరు పెట్టే పని కూడా లేదు.

అడ్డప్రశ్న
ఇంకో అడ్డు. అందరికీ తెలిసిన పేరుని కాపాడే నిబంధన ఒకటుందని విన్నాను. పాతికమంది వాడితే చాలట?

పొరలుపొరలుగా
అంత సులువు కాదు. జంతునామాల కోడ్ నాలుగో ముద్రణ 2000 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. అందులో 23.9 అని ఒక అధికరణం. రెండు షరతులూ ఒకేసారి తీరాలి. ఒకటి, పాత పేరుని 1899 తర్వాత ఎవరూ చెల్లే పేరుగా వాడి ఉండకూడదు. రెండు, కొత్త పేరుని గత 50 ఏళ్లలో కనీసం 10 మంది రచయితలు కనీసం 25 రచనల్లో వాడి ఉండాలి, ఆ రచనలు పదేళ్లకు తగ్గకుండా విస్తరించి ఉండాలి.

ఇక్కడ మొదటి షరతు దగ్గరే ఆగిపోతుంది. మెగాసెరాప్స్ మరుగున పడ్డ పేరు కాదు. ఆస్బోర్న్ 1929లోనే దాన్ని ఒక ప్రజాతిగా వాడాడు. ఇక మిగిలింది జంతునామాల అంతర్జాతీయ కమిషన్‌కి అర్జీ పెట్టుకోవడం. దాని వల్ల ఎవరికి లాభం? బ్రాంటోథీరియం అని అందరూ ఒకే జంతువుని పిలిచిన కాలమే లేదు. అప్పుడూ టైటనోథీరియం, మెనోడస్ అనేవాళ్లున్నారు.

ఎముకలగూడు
ఇంతవరకూ ఎవరూ చెప్పని విషయం ఒకటి. ప్రజాతి పేరు పోయినా కుటుంబం పేరు బ్రాంటోథీరిడే అలాగే ఉంది. మార్ష్ 1873లో పెట్టిన కుటుంబ నామం అది. ఏ ప్రజాతి పేరు మీద కుటుంబం పేరు పెట్టారో, ఆ ప్రజాతి పర్యాయ నామంగా మారినంత మాత్రాన కుటుంబం పేరు మార్చకూడదని కోడ్ 40వ అధికరణం చెబుతుంది. కాబట్టి నిశాచరి గారు దిగులు పడక్కర్లేదు. బ్రాంటోథీర్ అని ఈ గుంపు మొత్తాన్నీ హాయిగా అనొచ్చు, తప్పు కాదు.

టైటనోథీరియం కూడా పూర్తిగా పోలేదు. భూగర్భ శాస్త్రవేత్త హేడెన్ ఆ బ్యాడ్‌ల్యాండ్స్ అడుగు పొరలకి టైటనోథీరియం బెడ్స్ అని పేరు పెట్టాడు. పాత భూగర్భ నివేదికలు చదివేవాళ్లకి ఆ పేరు అడుగడుగునా తగులుతుంది. ఇప్పుడు ఆ పొరల్ని షాడ్రన్ ఫార్మేషన్ అంటారు.

పుస్తకాలపురుగు
అబ్బో, నేను ఒక్క పేరు అడిగితే ఇంత వచ్చింది! అందరికీ థాంక్స్. కొన్ని చిన్న ప్రశ్నలు. ఈ కొమ్ములు ఖడ్గమృగం కొమ్ము లాంటివేనా? ఆర్టిస్టు వాటిని నల్లగా, మొన తేలినట్టు గీశాడు.

శ్రీలత_జువాలజీ
మొన తీసేయమనండి. ఖడ్గమృగం కొమ్ములో ఎముక ఉండదు, అంతా కెరటినే, మన గోళ్లలో ఉండే పదార్థం. అందుకే శిలాజాల్లో అది మిగలడం అరుదు. మెగాసెరాప్స్ కొమ్ము అచ్చంగా ఎముక. ముక్కు ఎముకా నుదుటి ఎముకా కలిసేచోట నుంచి పొడుచుకొచ్చింది. పైన చర్మం కప్పి ఉండేదని ఎక్కువమంది అభిప్రాయం. జిరాఫీ తల మీదివి చూడండి, మొద్దుగా, చర్మంతో, అలా.

దాంతో పోట్లాడేవా అంటే, అవుననే అనుకుంటున్నారు. న్యూయార్క్ మ్యూజియంలోని ఒక అస్థిపంజరంలో పక్కటెముక విరిగి మళ్లీ అతుక్కున్న గుర్తులున్నాయి. అంత పెద్ద జంతువు పక్కటెముక విరగ్గొట్టగలిగింది ఇంకో బ్రాంటోథీరే అయ్యుండాలని వాదన. ఒక్క పక్కటెముక మీద అంత కథ నిలబడుతుందా అంటే నాకూ కొంచెం అనుమానమే, పడిపోయినా విరగొచ్చు. కానీ మందపాటి పుర్రె, మెడ కండరాలు పట్టుకోవడానికి వీపు మీద ఎత్తుగా లేచిన వెన్ను ముళ్లు చూస్తే తలతో ఢీకొట్టే జంతువనే అనిపిస్తుంది.

అయితే బంధువులందరికీ ఇదే లెక్క పనికిరాదు. మంగోలియా ఎంబోలోథీరియం ఉంది కదా, దాని ముక్కు మీద ఒకటే పెద్ద పలకలాంటి కట్టడం. ముక్కు లోపలి ఖాళీ ఆ పలక పైదాకా పాకి ఉంటుంది. బోలుగా ఉన్నదాంతో గుద్దుకుంటే వాటికే నష్టం. చూపించుకోవడానికో, శబ్దం చేయడానికో అయ్యుండొచ్చు.

నిశాచరి
ఇవి డైనోసార్ల కాలంలోవేనా? మా తమ్ముడు అవుననే వాదిస్తున్నాడు.

ఎముకలగూడు
కాదు. డైనోసార్లు పోయింది సుమారు 6.6 కోట్ల ఏళ్ల క్రితం. మెగాసెరాప్స్ ఇయోసీన్ అనే భూగర్భ యుగం చివరిది, దాదాపు 3.8 నుంచి 3.4 కోట్ల ఏళ్ల క్రితం. మధ్యలో రెండున్నర కోట్ల ఏళ్లకు పైగా గడిచాయి. గుర్రం, టాపిర్, ఖడ్గమృగం ఉన్న బేసి గిట్టల వర్గంలోదే ఇదీ.

మొదట్లో ఈ కుటుంబం జంతువులు గొర్రె, కుక్క సైజులో ఉండేవి, కొమ్ములూ లేవు. చివరికొచ్చేసరికి భుజం దగ్గర రెండున్నర మీటర్ల ఎత్తు. ఆస్బోర్న్ దీన్నే నిచ్చెన ఎక్కినట్టు చూపించాడు. 2023లో సైన్స్ పత్రికలో సానిసిడ్రో, మిల్‌బాక్లర్, కాంతాలాపియెద్రా రాసిన పేపరు ఆ నిచ్చెనని తీసేసింది. కొత్త జాతులు పుట్టేటప్పుడు కొన్ని పెద్దవయ్యాయి, కొన్ని చిన్నవయ్యాయి. చిన్నవి మిగతా శాకాహారులతో పోటీలో ఎక్కువగా అంతరించాయి, పెద్దవి ఎక్కువకాలం నిలిచాయి. దూరం నుంచి చూసేవాళ్లకి అది ఒకే దిశలో నడకలా కనిపించింది.

చురకత్తి
అంత నిలదొక్కుకున్నవి ఇయోసీన్ దాటలేదు మరి.

ఎముకలగూడు
దాటలేదు. అప్పుడు వాతావరణం చల్లబడి, పొడిబారింది. వీటి పళ్లు పొట్టి కిరీటంవి, మెత్తటి ఆకులకి సరిపోయేవి. అడవి పలచబడితే వీటికి గడ్డుకాలమే.

మోడరేటర్
చర్చ బాగుంది. మార్ష్, కోప్‌లలో ఎవరు గొప్ప అన్న పోస్టులు రెండు తీసేశాను, దానికి వేరే థ్రెడ్ ఉంది.

పుస్తకాలపురుగు
బొమ్మ కింద ఇలా రాశాను, చూసి చెప్పండి:

“మెగాసెరాప్స్. పాత పుస్తకాల్లో బ్రాంటోథీరియం, టైటనోథీరియం అని కనిపిస్తుంది. ఉత్తర అమెరికా, సుమారు 3.8 నుంచి 3.4 కోట్ల ఏళ్ల క్రితం. భుజం దగ్గర ఎత్తు సుమారు 2.5 మీటర్లు. ఖడ్గమృగంలా ఉన్నా దీని కొమ్ములు ఎముకవి. గడ్డి మైదానాల్లో మందలుగా మేసేది.”

పొరలుపొరలుగా
పేరు దగ్గర పేచీ లేదు. పాత పేర్లు కూడా ఇవ్వడం మంచి పని, లేకపోతే పిల్లలు లైబ్రరీలో వెతికితే ఏమీ దొరకదు. చివరి వాక్యం మాత్రం కొట్టేయండి. ఆ కాలానికి గడ్డి మైదానాలు అక్కడ ఇంకా విస్తరించలేదు, పళ్లూ గడ్డి మేసే పళ్లు కావు. “చెట్ల, పొదల ఆకులు తినేది” అనండి.

అడ్డప్రశ్న
మందలుగా అన్నది కూడా.

పుస్తకాలపురుగు
రెండూ తీసేశాను. కానీ బొమ్మలో కాళ్ల కింద పచ్చగడ్డి ఉంది, అది ఏం చేయమంటారు?

శ్రీలత_జువాలజీ
ఫెర్న్ మొక్కలు గీయమనండి. కొమ్ముల మొనలు ఎలాగూ మార్చాలి కదా, ఒకేసారి పంపండి.